కొలవని అంచు

టీ సల్లారిపోతన్నాది, అలగ దాన్నే సూత్తారేటి బావగారూ? అవును, మీరు టెక్కలిలో మీ లేతు మిషను మీద కోసిన ఫ్లైవీలే, క్లచ్ ఆనే సక్రం. బండిలోంచి మళ్లీ ఇప్పీసాను.

కూకోండి. నేరం పెట్టడానికి పిలవలేదు. మా నాగశ్రీ మీ కోడలై మీ ఇంట్లో ఉన్నాది, నాను మీ మీద నేరం పెడతానా?

ఆ పృథ్వీ గుర్తున్నాడా? మూలపేట పోర్టు కాడ క్రేను నడుపుతాడు. పాత కారు కొనుక్కుని, పందేల్లో తోలతానని గట్టి క్లచ్ ఒకటి తెప్పించి, బిగించమని నా షాపుకి తెచ్చాడు. మామూలు క్లచ్ అయితే కాసింత తేడా వచ్చినా సర్దుకుంటాది. ఇది సర్దుకోదు. బిగించేముందు ఫ్లైవీలు కొలతలు సూసుకో మావా అని సెప్పి సెప్పి ఎల్లాడు.

నాను ఫోన్లో మీకేటన్నాను? మొకం నున్నగా సేసి తెండి అన్నాను. మీరు క్లచ్ ప్లేటు ఆనే ఆ మొకమే సేసారు, అద్దంలాగ. సుట్టూ అంచుంది సూడండి, ఆ మాట నాను ఎత్తనేలేదు. మొకం ఎంత కోత్తే అంచూ అంతే కొయ్యాల, లేపోతే ప్లేటుకి పట్టు దొరకదు. మీ కాడికొచ్చే ట్రాక్టర్లవి బల్లపరుపుగా ఉంటాయి, మీకెలగ తడతాది? నానే సెప్పాల.

సెప్పలేదు. పోనీ, కొలిసానా? మీరే సొయంగా పట్టుకొచ్చారు కదా, స్వీట్ల పొట్లం, ఫ్లైవీలు ఒకే సంచిలో. కొలిసే గేజీ నా జేబులోనే ఉన్నాది. పిల్లనిచ్చినోడిని, వియ్యంకుడు నిలబడి సూత్తంటే ఆయన పని మీద గేజీ పెడతానా? బొటనేలితో ఇలగ రాసీసి, బావగారి సెయ్యి పడ్డాక ఇంక సూసేదేటి అనీసాను. మీరు నవ్వారు. నాకూ గొప్పగానే ఉన్నాది.

పందెం కాడ బండి అరిసి, కాలిన కంపు కొట్టి, బయలెల్లే గీత మీదే ఉండిపోనాదట. మిగతా బళ్లన్నీ ఎల్లిపోనాయి.

గుంటడు తిరిగొచ్చి నిమ్మళంగా అడిగాడు. "మావా, కొలిసావు కదా?"

షాపు నిండా జనం. నాను ఏటన్నానో తెలుసా? "కొలవకుండా బిగిత్తానేట్రా? ఆడలేక మద్దెల ఓడన్నాదట. నీ కాలికి నిలకడ లేదు, నీకు తోలడం రాదు."

అందరూ నవ్వారు. ఆడు తల దించుకున్నాడు.

నమ్మీసాడండీ! ఎదురు తిరిగినా బాగుణ్ణు. నాకు సేతకాదులే మావా అనీసి కారు అమ్మకానికి పెట్టీసాడు. మామూలు క్లచ్ ఎయ్యమని బండి మళ్లీ నాకే ఇచ్చాడు, సూడండి, నాకే! ఇప్పి సూసేను. ఇప్పుడు కొలిసేను. అంచు ఎత్తుగా ఉన్నాది. తలెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

కొనేవోళ్లు ఇచ్ఛాపురం నుంచి ఈ పూటే వత్తన్నారు. ఆళ్లకి తాళం ఇచ్చీడానికి ఆడూ వత్తాడు. అదుగో, రోడ్డు దాటతన్నాడు.

లేవకండి బావగారూ, మీ పేరు రానివ్వను. మీ ముందు కొలవడానికి సిగ్గుపడ్డాను కదా, మీ ముందే సెప్పాల. మర్యాద కోసం కొలవలేదని ఇన్నాళ్లూ నాకు నానే సెప్పుకున్నాను. అది మీతో మర్యాద, సరే. మరి ఆడిని అన్న మాట? అదీ మర్యాదేనా బావగారూ?

ఒరే పృథ్వీ, తాళం ఎవుళికీ ఇయ్యకు. ఇలగ రా. నాను కొలవలేదురా.