ఎదురుగా ఏమైనా వస్తోందా

కొత్త కారు ఎలా ఉందని పొద్దుటి నుంచీ ఈ అమ్మమ్మని అడుగుతున్నావు కదా థీరీ, చెబుతాను, కూర్చో. ముందుది వెనకా వెనకది ముందూ చెప్పేస్తానేమో, ఈ మధ్య నాకు అలాగే అవుతోంది, మొన్న మీ అమ్మతో మాట్లాడుతూ మాట్లాడుతూ మా పెద్దన్నయ్య పేరు గుర్తు రాక నీళ్ళు తాగే నెపంతో లేచి వెళ్ళాను. నీ కారు బాగుంది. మెత్తగా ఉంది. చల్లగా ఉంది. కానీ కిటికీ ముందు మూలన మూడు మూలల చిన్న అద్దం ఉండేదే, వేలితో తోస్తే తిరిగి గాలంతా మన మెడ మీదికి వచ్చేది, అది లేదు. తలుపు మీద వాన నీళ్ళు జారిపోవడానికి సన్నటి అంచు ఉండేది, అదీ లేదు, ఇందాక అద్దం దించగానే నా లుంగీ తడిసిపోయింది. మీ తాతయ్య ఆస్టిన్ కారుకి ఇవన్నీ ఉండేవి. మలుపు తిరిగేటప్పుడు పక్క నుంచి చిన్న చెయ్యి లాంటిది బయటికి లేచేది, చివర ఎర్రగా వెలిగేది. ఒక్కోసారి లేచేది కాదు, లోపలి నుంచి గుద్దాలి. ఆ గుద్దే పని నాది.

ఏం చెబుతున్నాను? ఆఁ, నా సీటు సంగతి. నువ్వు పుట్టకముందు, మీ అమ్మ చంకలో ఉన్నప్పుడు, మన బర్మాలో బండ్లన్నీ ఇక మీదట రోడ్డుకి కుడివైపు పోవాలని ఆర్డరు వచ్చింది కదా. రోడ్డు మారింది, బండ్లు మారలేదు. స్టీరింగు పాత చోటే, కుడివైపే. అంటే నడిపే మనిషి కాలవ పక్కన కూర్చుంటాడు. ముందు ఎద్దుబండి ఉందనుకో, ఆయనకి ఆ బండి వెనక భాగం తప్ప ఏమీ కనబడదు. అవతలి నుంచి లారీ వస్తోందో లేదో ఎడమవైపు కూర్చున్న నాకే తెలుస్తుంది. అందుకని మీ తాతయ్య అడిగేవాడు, "ఎదురుగా ఏమైనా వస్తోందా?" నేను మెడ బయటికి చాచి చూసి, "ఏమీ లేదు, పోనీండి" అనేదాన్ని. లేకపోతే "ఆగండి". మా ఊరు మోలమ్యైన్‌లో ఎవరి ఇంట్లో చూసినా అంతే, మొగుడు నడిపితే పెళ్ళాం చూడాలి. బస్సులకైతే దానికోసమే ఒక మనిషి వేలాడుతూ ఉండేవాడు. మా చెల్లెలు ఖిన్ సెయిన్ వెనక సీట్లో కిళ్ళీ నములుతూ, "అక్కా, ఇంతకీ బండి బావగారు నడుపుతున్నారా, నువ్వు నడుపుతున్నావా?" అని ఎత్తిపొడిచేది. మీ తాతయ్య వెనక్కి తిరక్కుండానే, "కాళ్ళు చేతులూ నావి, కళ్ళు మీ అక్కవి, నోరు మాత్రం పూర్తిగా నీది" అనేవాడు. అది అలిగి ఒక ఫర్లాంగు దూరం నోరు మూసుకునేది. అంతకంటే ఎక్కువ దానివల్ల కాదు.

నీ బండి ఎంత తిరిగిందీ ఎంత పెట్రోలు తాగిందీ అదే రాసుకుంటుందన్నావు. మీ తాతయ్యకీ ఆ పిచ్చి ఉండేది. బండి తీసిన వేళ, తిరిగొచ్చిన వేళ, మైళ్ళు, ఆయిలు, అన్నీ పుస్తకంలో ఎక్కించేవాడు. తర్వాత ఆ మైళ్ళ మీటరు పనిచెయ్యడం మానేసింది. నాయ్ తూన్ అని మెకానిక్కు ఉండేవాడు, ఆయనకి చిన్నప్పటి నేస్తం, ఎక్కడెక్కడో వెతికినా దానికి సరిపడే తీగ దొరకలేదు. "నీ బండి ఎంత దూరం పోయిందో బండికే తెలియనప్పుడు నీకెందుకురా" అన్నాడు. మీ తాతయ్య వింటాడా. ఇంటికి రాగానే ఒళ్ళో పుస్తకం పెట్టుకుని నన్ను అడిగేవాడు, చెప్పు, ఏం రాయను? నేను ఎవరెవరు ఎక్కారో, ఎక్కడ ఆగామో చెప్పేదాన్ని. అవే రాసేవాడు. మైళ్ళ గడిలో మనుషుల పేర్లు. ముదోన్ ఊరు, ఖిన్ సెయిన్, రెండు బుట్టల దూరియన్ పళ్ళు, కంపు. ఇలా ఉండేవి.

ఒకసారి మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది, దేనికో గుర్తు లేదు, గుర్తుంటే కోపం వచ్చేదేమో. ముదోన్ బయలుదేరాం. ఊరు దాటగానే ముందు వెదురుబొంగుల బండి. ఆయన అడగడు, నేను చెప్పను. రోడ్డు అద్దంలా ఖాళీగా కనబడుతూనే ఉంది నాకు. ఎద్దులు నడిచినట్టే ఆస్టినూ నడిచింది. వెనకాల బస్సువాళ్ళు హారన్లు కొట్టి, తిట్టి, దాటుకుని పోయారు. ముదోన్ దగ్గర వెదురుబండి పొలాల్లోకి మళ్ళిపోయింది. ఇక ముందు ఏమీ లేదు, కాకి కూడా లేదు. అప్పుడు నెమ్మదిగా, "ఎదురుగా ఏమైనా వస్తోందా?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ రాత్రి పుస్తకంలో, వెదురుబండి, ఆమె మాట్లాడలేదు, అని రాసుకున్నాడు.

ఆ పుస్తకాలు ఏమయ్యాయంటావా? చెదలు. అటక మీది పెట్టె తెరిస్తే మట్టి తప్ప ఏమీ లేదు. మీ తాతయ్య పోయాక చాలా ఏళ్ళు నేను ఆ పెట్టె ముట్టుకోలేదు, అదీ సంగతి. ఇప్పుడు ఆ పేర్లన్నీ నా దగ్గరే ఉన్నాయి, నేనేమో ఇలా ఉన్నాను. అందుకే నిన్ను కూర్చోబెట్టింది. ఆఖరి ప్రయాణం ఒక్కటైనా రాసిపెట్టు.

అప్పటికి ఆయన కళ్ళ మీద పొర కమ్మింది. ఎవరికీ చెప్పనివ్వలేదు. చెల్లెలి మనవణ్ణి చిన్న భిక్షువుని చేసే శ్రామణేర దీక్ష, ముదోన్‌లోనే. తనే నడుపుతానన్నాడు, వద్దంటే వినలేదు. ఆ రోజు పక్కకే కాదు, ముందుకీ నేనే చూశాను. గుంట, కుడికి. సైకిలు, ఆగండి. కుక్క, పోనీండి, అదే తప్పుకుంటుంది. ఆయన స్టీరింగు ఎంత తేలిగ్గా పట్టుకున్నాడో చెప్పలేను, నిద్రలో నా చెయ్యి పట్టుకున్నట్టు. ఇంటి ముందు బండి ఆపాడు. ఇంజను ఆపేశాడు. ఎదురుగా మా గోడ. "ఏమైనా వస్తోందా?" అని అడిగాడు. ఏమీ రావట్లేదు, దిగండి అన్నాను. దిగలేదు. "ఊరికే అడిగాను. నువ్వు చెబుతుంటే బాగుంటుంది" అన్నాడు. తర్వాత పుస్తకం నాకిచ్చి, ఈసారి నువ్వు రాయి, గీతలు కనబడటం లేదు అన్నాడు. మీరే రాయండి, నేను చెబుతాను అన్నాను. రాశాడు. ఒక పేరు మీద ఇంకో పేరు పడింది. ఆ వానాకాలం దాటలేదు ఆయన.

పొద్దున నీ పక్కన కూర్చున్నాను కదా. ఇప్పుడు స్టీరింగు ఎడమకి వచ్చేసింది, రోడ్డంతా నీకే కనబడుతుంది. ముందు లారీ ఉంటే నేను మెడ చాచాను, నువ్వు చూశావో లేదో. నాకు చెట్లూ కాలవా కనబడ్డాయి. నువ్వు దాటేశావు. బాగా నడుపుతావు, నీ తప్పేం లేదమ్మా.

రాస్తున్నావా? ఆ రోజు బండిలో ముందు మేమిద్దరం. వెనక ఖిన్ సెయిన్, దాని పెద్దకోడలు, నాయ్ తూన్. కాదు, నాయ్ తూన్ అప్పటికే పోయాడా? ఆయన దగ్గు వినబడుతోంది నాకు, వెనక సీట్లోంచి. అది వేరే ప్రయాణమేమో. కోడలి పేరు కూడా... తెల్లగా ఉండేది, చెంపకి తనకా చెక్క గంధం దట్టంగా రాసుకునేది. మీ చిన్నమ్మమ్మ ఖిన్ సెయిన్‌కి ఫోను చెయ్యి, ఇంకా పడుకుని ఉండదు. ఆ రోజు ఎవరెవరు ఎక్కారో దాన్నడిగి సరిచూడు, నాయ్ తూన్ ఉన్నాడా లేడా అన్నది గట్టిగా అడుగు.