మూలాంబ బెజ్జాల మిషను

మూలాంబ అంటే మా అత్తగారికి అమ్మ. కమ్మరి కనకాచారి కూతురు, వడ్రంగి శరభయ్య పెళ్ళాం. పుట్టిల్లూ అత్తిల్లూ ఒక్క వీధిలోనే, మధ్యన ఆరిళ్ళు. కనకాచారికి ఇద్దరే పిల్లలంట, పెద్దోడు బ్రహ్మలింగం, వెనక ఈవిడ. ఆయన కొలిమిసాలలో ఒక బెజ్జాల మిషను ఉండేదంట. ఇప్పటి కరెంటు మిషను కాదమ్మా. మనిషెత్తు పోత ఇనుము, రాటకి బిగించి ఉండేది, పక్కన పెద్ద చక్రం, దానికో పిడి. పిడి పట్టుకుని తిప్పితే పళ్ళ చక్రాలు కరకరమని కింద బెజ్జం వేసే బరమా తిరిగేది, వెన్నముద్దలో వేలు దిగినట్టు ఇనుములో దిగేది. మరి ఆ చక్రం తిప్పేది ఎవరనుకున్నారు? మూలాంబే. ఏడో ఏటినించీ ఆ పిల్లే. బ్రహ్మలింగానికి భుజం నొప్పంట. కంచం దగ్గర లేని నొప్పి చక్రం దగ్గరికొచ్చేసరికి వచ్చేదంట! తండ్రి బరమా దింపుతుంటే కూతురు తిప్పేది, పదహారేళ్ళకి పెళ్ళయ్యి ఆరిళ్ళ అవతలికి వెళ్ళాక కూడా పిలిస్తే వచ్చి తిప్పేది. ఊళ్ళో నాగళ్ళకి, బళ్ళకి, ఆఖరికి స్వామివారి రథానికీ పడ్డ బెజ్జాలన్నీ ఆ చేతిమీద పడ్డవే. పని జరిగేటప్పుడు ఆ చెయ్యి ఎవరిదని ఒక్కరూ అడగలేదు. పేరొచ్చేటప్పుడు మాత్రం, కమ్మరి బ్రహ్మలింగం రథానికి బెజ్జాలు వేశాడన్నారంట. నేను గొంతు పెంచే మనిషిని కాదు, మీకు తెలుసు. ఇది చెప్పేటప్పుడు మాత్రం నాకు గొంతు దానంతటదే లేస్తుంది. ఏం చెయ్యను!

ఆ రథం సంగతి చెప్పాలి, లేకపోతే కథ మీకు అందదు. మా ఊరి వేణుగోపాలస్వామికి భీష్మ ఏకాదశినాడు రథం. ఏటేటా రథచక్రాలకి అరిగిన ఇనపపట్టీలు తీసి కొత్తవి వేస్తారు. పట్టీని చక్రానికి ఆనించి చూసి, బెజ్జం పడాల్సిన చోట పసుపు చుక్క పెడతారు. ఆ చుక్క పడిందా, ఇంక ఆ ఇనుముకి నిప్పు తగలకూడదు. కొలిమిలో పెట్టకూడదు. బెజ్జం చల్లగా పడాలి, మనిషి చేత్తో పడాలి. ఇంకోటి, బెజ్జాలు ఎవరింట్లో పడితే వాళ్ళ గుమ్మం ముందు రథం ఆగుతుంది. ఆ ఇంటి ఇల్లాలు గుమ్మంలో నిలబడి కొబ్బరికాయ, హారతి ఇస్తుంది. స్వామి మన గుమ్మం ముందు ఆగడమంటే మాటలా తల్లీ! కనకాచారి ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటి ముందే ఆగింది.

ఏమైందంటే, కనకాచారి మూడేళ్ళు మంచం పట్టి ఆనక పోయాడు. ఆయన మంచం మీదున్న మూడేళ్ళూ అరిగిన పట్టీలతోనే రథం లాగించేశారంట. ఈలోపల మిషను బిగుసుకుపోయింది. ఇద్దరు మగాళ్ళు పిడికి వేళ్ళాడినా చక్రం గింజంత కదల్లేదంట. నాన్న ప్రాణం అందులోకెళ్ళి కూర్చుంది, అందుకే తిరగదు అన్నాడంట బ్రహ్మలింగం. అని ఊరుకున్నాడా, అంత ప్రాణమున్న మిషనుని పాత ఇనపసామానోడికి బేరం పెట్టాడు! ఆ చోట్లో కొలిమికి కొత్త తిత్తి బిగించుకుంటాడంట. ధర్మకర్తగారు వచ్చి, ఏవయ్యా, ఈ ఏడు పట్టీలు మార్చకపోతే చక్రం నిలవదు, మరి చల్లటి బెజ్జం ఎట్లా అనడిగితే, కాలం మారింది బాబూ, కొలిమిలో ఎర్రగా కాల్చి ఒక్క పోటు పొడుస్తాను, ఎవడు చూడొచ్చాడు, రథం మా ఇంటి ముందు ఆగడానికేం లోటుండదు అన్నాడంట. విన్నారా? బెజ్జం మర్యాద వద్దు, రథం మర్యాద కావాలి!

అప్పుడు మూలాంబ అక్కడే ఉంది. సాలకి ఎదురుగానే రథశాల. మొగుడు శరభయ్య అక్కడ రథచక్రం ఆకులు సరిచేస్తుంటే చద్దిమూట తెచ్చింది. ఈ మాట చెవిన పడి ఆగలేకపోయింది. అన్నయ్యా, పసుపు పెట్టిన పట్టీని నిప్పుల్లో పెడతావా? పెళ్ళికూతుర్ని పొయ్యిలోకి తోసినట్టు కాదూ అంది. బ్రహ్మలింగానికి ఒళ్ళు మండింది. "అంత బాధగా ఉంటే నువ్వే పట్టుకుపోవే. నాన్న నీకు పసుపుకుంకాల కింద ఏమీ ఇవ్వలేదుగా, ఇదిగో ఈ ఇనపకుప్ప ఇస్తున్నా. నువ్వే తిప్పు, నువ్వే బెజ్జాలెయ్యి. ఏకాదశినాటికి పడలేదనుకో, రథం కదల్లేదనుకో, ఊరి అరిష్టం నీ నెత్తిన!" అన్నాడంట. అక్కడున్న పెద్దలు నవ్వారంట. ఒకాయన, ఆడది చక్రం తిప్పితే రథం కూడా ఆడదే లాగాలి అని అన్నాడంట. ధర్మకర్తగారు మాత్రం నవ్వలేదు. రేపు పొద్దుటికి చెప్పమ్మా, పట్టుకుపోతావో లేదో అన్నాడు.

పొద్దుటిదాకా ఆలోచించమంటే ఏం ఆలోచిస్తుంది పాపం. ఉన్నది ఇరవై రోజులు. పట్టుకుపోకపోతే తండ్రి మిషను ముక్కలైపోతుంది, స్వామి పట్టీ నిప్పుల్లో పడుతుంది. పట్టుకుపోతే, తిరగకపోతే? రథం ఆగిన ఊరికి వాన పడదంటారు. ఏ ఇంట్లో పిల్లకి జ్వరమొచ్చినా మూలాంబ వల్లే అంటారు. పక్కింటి సుందరమ్మ వచ్చి, ఎందుకే నీకు, మగాళ్ళ గొడవ, నోరు మూసుకుని నీ కూడు నువ్వు తిను అని చెప్పి మరీ వెళ్ళింది. మొగుణ్ణి అడిగింది, ఏవండీ, ఏం చెయ్యమంటారు అని. శరభయ్య మాటల మనిషి కాదు. పేడు చెక్కుతూనే, నీ ఇష్టమే అన్నాడు. తిరక్కపోతే అంది. తిరక్కపోతే తిరగదు అన్నాడు. అంతే! మొగుడు మంచోడైనా ఒక్కోసారి మాట లేని మంచితనం కూడా రంపంలాగే కోస్తుంది కదమ్మా.

తెల్లారి ఏం చెప్పాలో తేల్చుకోకుండానే సాలకి వెళ్ళిందంట. వెళ్ళేసరికి ఏముందీ, పాత సామానోడు వచ్చి ఉన్నాడు, చేతిలో పెద్ద సమ్మెట. పోత ఇనుము కదా, బద్దలుకొడితే గాని బండెక్కదు. మిషను నెత్తిన కుంకంబొట్టు, దసరాకి పెట్టింది, ఇంకా ఎర్రగా ఉంది. ఆ బొట్టు మీదే సమ్మెట ఆనించి గురి చూసుకుంటున్నాడంట వాడు! చెల్లెలు ఏం చెప్తుందో వినకుండానే పిలిపించాడన్నమాట అన్నగారు. మూలాంబ వెళ్ళి మిషనుకీ సమ్మెటకీ మధ్యన నిలబడింది. అరవలేదు. "నాయనా, ఇది నాది. మా అన్న ఇచ్చాడు. నలుగురూ విన్నారు. సమ్మెట దింపు" అంది. వాడు దింపాడు. తేలిపోయింది. ఏ ఆలోచన తేల్చలేని మాట ఆ సమ్మెట తేల్చింది.

నలుగురు మనుషుల్ని పెట్టి బోల్టులు ఊడదీసి బండెక్కించారు. ఆరిళ్ళ దూరం. బ్రహ్మలింగం గుమ్మంలో నిలబడి, బావా, శవం వెళ్తోంది, ముందర నడువు అని శరభయ్యని ఎగతాళి చేశాడంట. శరభయ్య బండి వెంట నడిచాడు. వాళ్ళ వసారాలో తాటిదూలం పాతి దానికి బిగించాడు. ఇంక చూడండి మూలాంబ చాకిరీ. కొబ్బరిపీచూ ఇటికపొడీ పెట్టి తోమింది. కిరసనాయిలు పోసింది, ఆముదం పోసింది, ప్రతి పంటి సందులోనూ పుల్లపెట్టి తీసింది. తుప్పు వదిలి నల్లటి ఇనుము నిగనిగలాడింది. పది రోజులు. చక్రం మాత్రం తిరగలేదు. పదకొండో రోజు పిడి పట్టుకుని, తిరగవే తల్లీ, నిన్ను నా బిడ్డలా తోమానే అని ఏడ్చిందంట.

ఏడుస్తూ నెత్తివైపు చూసింది. మిషను నెత్తిన, సరిగ్గా నుదురున్న చోట చిన్న గుంట. దేవుడు బొట్టుకే చేసి పెట్టినట్టుంటుంది. ఏటా ఆయుధపూజకి ఆముదంలో కుంకం కలిపి అందులోనే పెట్టేవాళ్ళు. ముందు వాళ్ళ నాయనమ్మ, తర్వాత అమ్మ, తర్వాత వదిన. ఏటి మీద ఏడు పేరుకుని రాయిలాగా అయ్యింది. అది చూస్తుంటే ఆవిడకి ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు, ప్రతి దసరా మర్నాడు, ఇంకా ఎవరూ లేవకముందే నాన్న అటు తిరిగి కూర్చుని, మొన సూదిగా ఉండే సన్న ఆరెతో మిషను నెత్తిమీద ఏదో చేస్తుండేవాడు. పక్కన నూనెకుప్పె. నాన్నా ఏంటది అంటే, పూజమ్మా, నాయనమ్మతో చెప్పకు అనేవాడు. ఇన్నేళ్ళూ అది పూజే అనుకుంది పిచ్చితల్లి! అది మిషను నూనె తాగే బెజ్జం. నాయనమ్మ బొట్టు పెడితే, ఆవిడ మనసు కష్టపెట్టకుండా నాన్న మర్నాడు గీకి నూనె పోసేవాడు. ఆయన మంచం పట్టాక బొట్టు పెట్టేవాళ్ళే మిగిలారు, గీకేవాళ్ళు లేరు. మూడు దసరాల నించీ దానికి చుక్క నూనె లోపలికి దిగలేదు.

ఆరె చేతిలోకి తీసుకుందో లేదో సుందరమ్మ చూసి గగ్గోలు పెట్టింది. వీధంతా పోగయ్యారు. బ్రహ్మలింగం అందరికన్నా ముందొచ్చాడు. "దేవుడి బొట్టు గీకుతావా? ముత్తయిదువ నుదుట బొట్టు చెరపడమే అది! నీ మొగుడు ఎదురుగా ఉన్నాడు, చూసుకో!" అన్నాడు. అమ్మా, ఆ మాటకి ఏ ఆడదానికి భయం వెయ్యదు చెప్పండి? మూలాంబ కూడా ఆరె కిందికి దించింది. నిత్యం దీపం పెట్టే మనిషి, కుంకం కిందపడితే కళ్ళకద్దుకునే మనిషి. మొగుడివైపు చూసింది. శరభయ్య ఏమన్నాడనుకున్నారు? నీ ఇష్టమే అన్నాడు. ఈసారి మాత్రం పేడు చెక్కడం ఆపి, నిలబడి అన్నాడు. అప్పుడు మూలాంబ అన్నవైపు తిరిగింది. "ఆ బొట్టు మీద సమ్మెట పెట్టించావు కదన్నయ్యా. అప్పుడు పాపం గుర్తు రాలేదా? బొట్టు పెట్టి ముక్కలుగా అమ్ముకుంటే తప్పు లేదు, బొట్టు తీసి గుక్కెడు నూనె పోస్తే తప్పొచ్చిందా? ఏ శాస్త్రం ఇది, నీదా, స్వామిదా?" అంది. గొంతు పెంచలేదంట. అయినా వీధి చివరిదాకా వినపడిందని మా అత్తగారు చెప్పేవారు.

దీపం వెలిగించి, లెంపలేసుకుని, తమలపాకు కింద పట్టి గీకింది. పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఒక్క రవ్వ నేలమీద పడనివ్వలేదు. అడుగున ఖాళీ తగిలాక ఆముదం పోసింది. గుటకేసినట్టు దిగిందంట! మళ్ళీ పోసింది, మళ్ళీ దిగింది. మర్నాడు పొద్దున్న స్నానం చేసి వచ్చి పిడి మీద చెయ్యి వేస్తే, ముందు కిర్రుమంది, తర్వాత కరకరా, తర్వాత ఇంక చప్పుడే లేదు. పట్టీలు తెప్పించారు. శరభయ్య బరమా దింపుతుంటే మూలాంబ తిప్పింది. పసుపు చుక్క నడిమధ్యన ఒక్కోటే దిగాయి, ఇరవైనాలుగు బెజ్జాలు, చల్లగా. తమలపాకులో దాచిన పాత కుంకం నూరి, ఆ పట్టీలకే పెట్టి పంపింది.

ఇక ఏకాదశి వచ్చింది. బ్రహ్మలింగం ఏం చేశాడంటే, ఏం జరగనట్టే గుమ్మానికి తోరణం కట్టి, పెళ్ళాం చేతికి హారతిపళ్ళెం ఇచ్చి నిలబెట్టి, తను పట్టుపంచె కట్టుకుని నిలబడ్డాడు. అంత సిగ్గులేనితనం! ఇంకా చోద్యం ఏంటంటే, ఊరు కూడా ఎవరూ కాదనలేదు. ఏటా ఆగే చోటు కదా, కమ్మరిల్లు కదా అనుకున్నారు. మోకులు పట్టినవాళ్ళు అక్కడికొచ్చేసరికి చేతులు వదిలేశారు, ధర్మకర్తగారు ఆపమని చెయ్యెత్తాడు. కానీ రథం ఆగేది చెయ్యెత్తితే కాదమ్మా, చక్రం కింద చెక్క పెడితే. ఆ చెక్క పెట్టేది వడ్రంగి. శరభయ్య చెక్క భుజాన పెట్టుకుని చక్రం పక్కనే నడుస్తున్నాడు. పెట్టలేదు. "బావా, చెక్క! చెక్క పెట్టు!" అని బ్రహ్మలింగం అరిచాడు. పెట్టలేదు. వీధి పల్లానికి దొర్లే రథం బ్రహ్మలింగం గుమ్మం దాటింది, ఒక ఇల్లు దాటింది, రెండిళ్ళు దాటింది, ఆరిళ్ళూ దాటింది. మూలాంబ వసారా ముందుకొచ్చాక వంగి, చక్రం కింద చెక్క సర్దాడు. రథం నిలిచింది. మూలాంబ హారతి సిద్ధం చేసుకోలేదు పాపం, రథం తన ముందు ఆగుతుందని అనుకుంటే కదా! ఒట్టి చేతులతో నిలబడిపోయింది. ఇదేంటయ్యా ఇక్కడ ఆపావు అని ధర్మకర్తగారు కోప్పడితే, పదిమందిలో ఎన్నడూ నోరు విప్పని శరభయ్య, "బెజ్జాలు పడింది ఇక్కడ బాబూ" అన్నాడంట. లోపలికెళ్ళి దీపం తనే తెచ్చి భార్య చేతికిచ్చాడంట.

అదీ సంగతి. ఆ మిషను మా అత్తగారితో వచ్చి ఇప్పుడు మా వసారాలో ఉంది, కావాలంటే వెళ్ళేటప్పుడు చూసి వెళ్ళండి, కానీ ఊరికే తిప్పకండి. దసరాకి నేనే బొట్టు పెడతాను. గుంటలో కాదు, పక్కన. గుంటలో నూనె. ఒకావిడ పోయిన ఏడు వచ్చి, అదేంటి వదినా, బొట్టు నుదుట పెట్టాలి గాని చెంపన పెడతావేంటి అంది. అది నుదురు కాదు తల్లీ, నోరు అన్నాను. నోటికి కుంకం అద్ది మూసేసి, పైగా పలకటం లేదని మిషను మీద నేరం మోపే మగాళ్ళలో బ్రహ్మలింగం ఒక్కడు చాలు మాకు.