డాక్టరని చెప్పాలా

నర్సీపట్నంలో నాతవరం వెళ్లే షేర్ ఆటో ఇంకా నిండలేదు. అందులో పక్కన కూర్చున్న పిన్ని ప్రశ్నలకు జవాబు చెప్పీ చెప్పీ ఒక అమ్మాయికి విసుగొచ్చేసింది.

“డిగ్రీలో సైకాలజీ, ఎమ్మేలో సైకాలజీ, ఎంఫిల్లో కూడా అదే. మళ్లీ ఈ పీహెచ్‌డీ ఏటే?”

“ఎన్నిసార్లు సెప్పాలి పిన్నీ? రీసెర్చి.”

“ఇంతకీ నువ్వు డాక్టరివా, కాదా?”

“మందులు రాసే డాక్టర్ని కాను. నా థీసిస్సే ఇంకా అవలేదు.”

“దేని మీద రాస్తన్నావేటి?”

“బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రులు ఆ బాధ ఎవరికీ ఎందుకు సెప్పుకోరో, దాని మీద.”

పిన్ని ఆమె వైపు తిరిగింది.

“మా ఇంటికెళ్లాక మీ బాబాయికి మాత్రం డాక్టరనే సెప్తాను.”

“అబద్ధం దేనికి పిన్నీ?” విసుగు దాచుకోకుండానే అడిగింది.

“మన పిల్లోడు పోయినకాడ్నించీ ఆయన నోరిప్పట్లేదే. డాక్టరంటే మాటాడతాడేమోనని.”

థీసిస్ కోసం ఎందరో తండ్రుల ఇళ్లకు వెళ్లి కూర్చుంది తను. పిన్ని ఇంటికి మాత్రం కర్మకాండ అయ్యాక మళ్లీ వెళ్లలేదు.

“మంచి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను పిన్నీ. ఇయ్యాల మాత్రం కూతురొచ్చిందని సెప్పు.”