సగమైన సుద్దపెట్టె

గౌను కొలతలిస్తూ నిలబడ్డ వదినకి, కొలతలు తీస్తున్న టైలరు, తన మరదలి పెదవి మీద తెల్లటి మరక కనిపించింది. వదిన నర్సు, కంటబడ్డదాన్ని అడక్కుండా ఉండలేని మనిషి.

“మూతికేంటది?”

“గుడ్డ మీద గీతలు గీసే సుద్ద. నవ్వకు వదినా... తింటున్నాను.”

“సుద్దా! రుచిగా ఉంటుందా?”

“రుచీ పచీ ఏముంటుంది? పెట్టె తీస్తే చాలు, నోరూరిపోతుంది.”

“ఏదీ, వెలుతురుకి తిరుగు. అమ్మో, కంటిరెప్ప లోపలంతా పాలిపోయిందే! మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?”

“నీకెలా తెలుసు?”

“ఒంట్లో ఇనుము తగ్గితే కొందరికి ఇలాగే మట్టి మీదా సుద్ద మీదా మనసు పోతుంది. ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపినా ఓ చిన్న మేకంతే. అది తగ్గితే మాత్రం మనిషి కూలబడాల్సిందే. రేపు రక్తపరీక్షకి రా. ఇంతకీ రోజుకెన్ని తింటావు?”

“ఒక్కటే, ఒట్టు.”

“మరి మొన్న నా ముందే కొన్న ఈ పెట్టె అప్పుడే సగమైందేం?”

మరదలి చేతిలో టేపు ఆగిపోయింది.

“మా పిల్ల ఆడుకుని పారేస్తోందనుకుని పొద్దున నాలుగు దెబ్బలు వేశాను. పారెయ్యలేదమ్మా అని ఏడ్చింది వదినా. మరేం చేశావంటే మాత్రం నోరు విప్పలేదు.”

“కొట్టిన చేత్తోనే రేపు దాన్నీ రక్తపరీక్షకి పట్టుకురా.”