సాల్మన్ పేల్చిన తోపు

ఆరాధన ముగిసి లక్సెట్టిపేట చర్చి వరండాలో చాయ్ గ్లాసులు తిరుగుతున్నాయి. రిపబ్లిక్ డే నాడు జెండా ఎవరు ఎత్తాలన్న మాట సంఘపెద్ద దశరథం తెచ్చాడు. ఇన్నేళ్లూ నేవీలో పనిచేసొచ్చిన అహరోను ఎత్తేవాడు. నిరుడు వానాకాలంలో ఆయన పోయాడు. ఆయన భార్య రిబ్కమ్మ గోడకు ఆనుకుని కూర్చుని వింటోంది.

"నేవీ మనిషే కావాల్నంటె నేను లేనా?" అన్నాడు సాల్మన్, మీసం సవరించుకుంటూ. వయసులో ఉన్నప్పుడు రెండేళ్లు విశాఖపట్నంలో ఉండి వచ్చాడు. అక్కడ ఏం వెలగబెట్టాడో ఎవరికీ తెలియదు గాని, చెప్పినప్పుడల్లా కొలువు మాత్రం పెద్దదవుతూ వచ్చింది.

"అహరోనన్న ఉన్న ఓడల్నే నేను గూడ ఉన్న. ఎన్కట అది యుద్ధం చేసిన ఓడ. ముసలిదైనంక వేరే ఓడలకు నూనె, బియ్యం మోసే పనికి పెట్టిండ్రు. గప్పుడే నేను చేరిన. నాదేమున్నది, చిన్న కొలువు. ముంగటి పెద్ద తోపును తుడుసుడు, నూనె రాసుడు. గంతే."

రిబ్కమ్మ ఉలిక్కిపడింది. నూనె, బియ్యం మాట అహరోనుదే. పీట మీద కూర్చుని ఎన్నిసార్లు చెప్పలేదు! ఆ తోపు, ఓడ ముందరి ఫిరంగి గురించి కూడా ఏదో అనేవాడు. ఏమనేవాడు? ఈ మధ్య మాటలు నాలుక చివరి దాకా వచ్చి జారిపోతున్నాయి. ఓడ పేరే గుర్తు రావడం లేదు. తాను మరిచిపోతే ఆయన బతుకంతా ఈ కోతలరాయుడిదై కూర్చుంటుంది.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? దుష్మన్ ఓడ ఎదురొచ్చింది. తోపు పేల్చేటోడు జరమొచ్చి పండుకున్నడు. కెప్టెన్ పరేషాన్! 'సాల్మన్, ఇగ నువ్వే దిక్కు' అన్నడు. ఒక్కటే గుండు కొట్టిన. గా ఓడ పల్టీ కొట్టింది. మా ఓడ తోపు తన్నిన తన్నుకు ఎన్కకు జారుకుంట జారుకుంట పోయి లంక ఒడ్డుకు తాకి ఆగింది."

"చాయ్ సల్లారుతుంది మామా," అంది గ్లాసులందిస్తున్న ప్రిస్కిల్లా.

"జర ఆగు బిడ్డా. గుండేమైందో అడగవా? అది ఆగితె గద! సముద్రం దాటి, గోదారి పట్టుకొని ఎదురీదుకుంట వచ్చి మన ఊరి ఒడ్డుకు పడ్డది. నేను సెలవుల మీద వచ్చేసరికి గూడ ఎచ్చగనే ఉన్నది. మా అవ్వ దాని మీద మక్కకంకులు కాల్చింది!"

"గంత పెద్ద ఓడ పేరేంది మామా?"

"సర్కారు రహస్యం. చెప్పద్దు."

అందరూ నవ్వారు. దశరథం కూడా నవ్వి, "సరే, ఎంతైనా నేవీల ఉండొచ్చిండు. ఈసారి సాల్మనే..." అన్నాడు.

రిబ్కమ్మ ఓడ పేరు వెతుక్కోవడం మానేసింది. మానేయగానే అహరోను చేతులు కళ్లముందుకొచ్చాయి. మోచేతుల దాకా పిండి.

"సాల్మన్, నువ్వు పేల్చింది ముంగటి తోపే కదా?"

"అవు వదినె, అదే. ఇంత లావుది!"

"దాన్ని పీకేసినంకనే ఆ ఓడకు మోత పని చెప్పిండ్రు. తోపున్న జాగల రొట్టెల పొయ్యి పెట్టిండ్రు. ఆ పొయ్యి కాడనే మా ఆయన కొలువు. గా రొట్టెనే కదా, కొలువు ఇడిసొచ్చినంక నెలనెల ప్రభువు బల్లకు చేసి తెచ్చింది? మీరందరు తిన్నరు. నువ్వు గూడ తిన్నవు."

ఆ రొట్టె రుచి అక్కడ అందరి నోళ్లకూ తెలుసు.

"అంటే... అది ఓడ ఎన్క దిక్కు తోపేమో," అన్నాడు సాల్మన్ నసుగుతూ.

"ఎన్క దిక్కుదైతె ఓడ ముంగటికి పోవాలె గద మామా, ఎన్కకెట్ల పోయింది?" అంది ప్రిస్కిల్లా. ఈసారి నవ్వు ఆగలేదు.

దశరథం గొంతు సవరించుకున్నాడు. "జెండా రిబ్కమ్మక్క ఎత్తుతది."

"మరి నేను?" అన్నాడు సాల్మన్.

రిబ్కమ్మ కొంగు దులుపుకుని లేచింది.

"జెండా తాడు చిక్కు పడ్డది. కూసోని ఇప్పు. భయపడకు, అది పేలదు."