వెర్నా పేరు మీద సీసా

టెనెసీలో ఓ చిన్న ఊరి క్లినిక్. అక్కడి నర్సు మావిస్ ఫోన్ చేసింది. అవతల సూదిమందులు సొంతంగా కలిపి తయారుచేసి అమ్మే ఫార్మసీ యజమాని ఓరిన్ ప్రూయిట్. మొగుణ్ణి పాతిపెట్టి వచ్చినప్పటి నుంచీ మావిస్ ఈ ఫోన్ చేసే రోజు కోసమే కాచుకుని ఉంది.

"మా ఆవిడ చర్చి మెట్ల మీద జారిందా? వెర్నా నాతో ఒక్క మాటా చెప్పలేదే!"

"షాపులో ఉంటారు కదా ఓరిన్ గారూ, కదపడం ఎందుకు అనుకుందేమో. కంగారేం లేదు. నడుం పట్టేసింది, అంతే. వెన్నులో ఒక్క ఇంజెక్షన్ పొడిస్తే లేచి కూర్చుంటుంది. డాక్టరు గారు చేతులు కడుక్కుంటున్నారు."

"వెన్నులోనా? ఆగు మావిస్, ఆగు. మందు ఎక్కడిది?"

"ఎక్కడిదేంటి, మీదే. కేసు పడి మూతేశాక బావమరిది పేరు పెట్టి మళ్ళీ తెరిచారే, ఆ షాపుది."

"అది వద్దు."

"ఏం?"

"వద్దన్నానా! పెద్ద కంపెనీ మందు ఉంటుంది కదా, అది వాడండి."

"చవగ్గా వస్తోందని మా వాళ్ళు మీదే తెప్పిస్తున్నారు. సీసా మీద పేరు కూడా ఎంత ముద్దుగా ఉందో! వెర్నా ప్రూయిట్."

"ఏ... ఏ పేరు?"

"మీ ఆవిడ పేరే. రూలు ప్రకారం పేషెంటు పేరు రాయకుండా మీరు మందు కలపకూడదుగా. దొంగ పేర్లు అయిపోయి ఇంట్లో పేరు వాడేశారా? ఎంత కలిసొచ్చిందో చూడండి, నిజంగా ఆవిడకే దక్కుతోంది."

"నీకు దండం పెడతాను, డాక్టర్ని ఆపు."

"కారణం చెప్పండి, ఆపుతాను."

"అది... దానికింకా క్రిముల పరీక్ష కాలేదు."

"పరీక్ష అయిందని చీటీ ఉందే?"

"చీటీ ముందే అంటించేస్తాం. ఫలితం వచ్చేదాకా కూర్చుంటే ఆర్డర్లు పోతాయి."

"మరి మందు కలిపే గదిలో బూజు, అదే, ఫంగస్?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"డాక్టరు గారు గ్లవ్స్ వేసుకున్నారు ఓరిన్ గారూ."

"ఉంది! గోడ మూల ఉంది! రాత్రిళ్ళు ఏసీ ఆపేస్తాం, పట్టేస్తుంది! ఆపు, ఆపవే!"

"మా డెల్‌కి పొడిచిన మందూ అంతేనా?"

"మావిస్..."

"తలనొప్పి, తలనొప్పి అంటూ తల గోడకేసి కొట్టుకుని పోయాడు మా ఆయన. మెదడు పొరల్లో అదే బూజు చేరిందన్నారు. మీరేమో మొన్న కోర్టులో బైబిల్ మీద చెయ్యేసి, నా షాపు అద్దంలా ఉంటుందన్నారు. చెప్పండి. అంతేనా?"

"అంతే! డెల్‌దీ అంతే! ఇక ఆపు!"

"తన దాకా వస్తే గానీ తెలీదంటే ఇదే. ఇంకోసారి అరవండి. నాకు వినాలనుంది."

"వెర్నాకివ్వు ఫోను! వెర్నాకివ్వు!"

"ఇవ్వక్కర్లేదు. స్పీకర్‌లో ఉంది."

"ఓరిన్, నేనే. నేనెక్కడా జారలేదు, నాకెవరూ సూది పొడవలేదు. మావిస్ ఆ సీసా చూపిస్తే, మా ఆయన అలాంటివాడు కాదని దెబ్బలాడాను. ఎవరి వెన్నులోనో పొడిచే మందుకి నా పేరు రాశావు. రేపటి వాయిదాకి సాక్షుల్లోనూ నా పేరే రాయమన్నాను."