ఉప్పు డబ్బా, వెనిగర్ సీసా

ఉత్తర ఇంగ్లండులో ఒక పాత మిల్లుల ఊరు. సోమవారం పొద్దున వంటింట్లో ఇద్దరు: ఇంటావిడ గ్లెండా, ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ఆవిడింట్లో ఉంచిన పంతొమ్మిదేళ్ళ నల్లజాతి ఆటగాడు క్వాబెనా.

“మళ్ళీ ఆ ఫోనేనా? కింద పెట్టు. టోస్టు చల్లారిపోతోంది.”

“తింటాను ఆంటీ. ఒక మాట అడగాలి.”

“తిన్నాక అడుగు. శనివారం నుంచీ నీ పొట్టలో ఏం పడిందని? పెనాల్టీ పోతే పోయింది. ఆటన్నాక పోదా? బంతి అలా పైకి లేచిపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు, చెప్పు.”

“శుక్రవారం సాయంత్రం ఈ బల్ల దగ్గర ఎవరెవరున్నాం?”

“ఎవరుంటారు? ప్రతివారం ఉండేవాళ్ళమే. నువ్వు, నేను, మీ నార్మన్ అంకుల్, మా అబ్బాయి క్రెయిగ్. శుక్రవారమంటే చేపలూ చిప్సూ కదా, క్రెయిగ్ పిలవకుండానే వస్తాడు. ఎందుకూ?”

“ఇంకెవరూ రాలేదు?”

“పక్కింటి పిల్లి వచ్చింది, చేప తోలు కోసం. దాని పేరు కూడా రాసుకుంటావా? ఏమిటి నాన్నా, పోలీసులా అడుగుతున్నావు?”

“ఉప్పు డబ్బాతో నేను చేసి చూపించింది గుర్తుందా?”

“ఎందుకు లేదూ! ఉప్పు డబ్బా నువ్వు, వెనిగర్ సీసా గోల్‌కీపరు, బఠాణీ గింజ బంతి. నీకు ముందు పదమూడు మంది ఆడారు ఈ బల్ల మీద ఆ ఆట. క్లబ్బు వాళ్ళు ఏ కుర్రాణ్ణి పంపినా మొదట ముట్టుకునేది నా ఉప్పు డబ్బానే.”

“అప్పుడు నేనేం చెప్పాను?”

“పెనాల్టీ వస్తే మధ్యలోకి కొడతానన్నావు. గోల్‌కీపరు ఎటో ఒక పక్కకి దూకుతాడు, మధ్య ఖాళీగా ఉంటుందన్నావు. ఇంతలో మీ అంకుల్ ఆ బఠాణీ తీసి నోట్లో వేసుకున్నాడు. అందరం నవ్వాం. అయితే ఏమిటట?”

“ఆ మాట బయట ఎక్కడా చెప్పలేదు. కోచ్‌కి కూడా చెప్పలేదు. తీరా బంతి ముందు నిలబడ్డాక మనసు మార్చుకున్నాను.”

“మంచిది. అయితే?”

“ఇది చదవండి. క్లబ్బు పెట్టిన నా ఫొటో కింద రాశారు.”

“నా కళ్ళజోడు పైన ఉండిపోయింది.”

“మీ మెడలోనే వేలాడుతోంది ఆంటీ.”

“అబ్బ, ఆ చెత్తంతా నేను చదవలేను నాన్నా. వందల్లో వచ్చాయట కదా. కోతి బొమ్మలూ, అరటిపళ్ళ బొమ్మలూ... ఛీ. మనుషులా వాళ్ళు!”

“పోనీ నేను చదువుతాను. ‘మధ్యలోకి కొడతానని కోతలు కోసి ఆకాశంలోకి తన్నాడు. కోతి చేతికి బంతిస్తే అంతే. చెట్టెక్కి పో, మీ దేశం పో.’”

“చదవకు! నా ఇంట్లో ఆ మాటలు వద్దు.”

“ఈ ఇంట్లోంచే వెళ్ళాయేమో ఆంటీ ఆ మాటలు.”

“ఏమన్నావు?”

“మధ్యలోకి కొడతానన్న సంగతి ఈ బల్ల దగ్గరే కదా అన్నాను.”

“ఏదో ఊహించి రాసి ఉంటాడు. నువ్వు మీ అమ్మకి చెప్పావేమో?”

“అమ్మకి ఆట గురించి మొదలుపెడితే ఫోన్ పట్టుకునే నిద్రపోతుంది.”

“అయితే కిటికీలోంచి ఎవరో విని ఉంటారు. ఆ పక్కింటివాడు ఎప్పుడూ గోడ దగ్గరే తచ్చాడుతుంటాడు.”

“ఈ చలిలో కిటికీ తెరిచిందెవరు? వేడి బయటికి పోతుందని మీరే మూయిస్తారు కదా.”

“అదీ నిజమే... చూడు, ఇలాంటివి తవ్వుకుంటూ కూర్చుంటే మతి పోతుంది. డెస్మండ్‌కీ ఇలాగే అయింది. మెట్ల దగ్గర ఫొటో చూశావు కదా, నీ గదిలోనే ఉండేవాడు, నీలాంటి పిల్లాడే. వాడి ఫొటోల కిందా ఎవడో వెధవ ఇలాగే రాసేవాడు. అవి చదివి చదివి తిండి మానేశాడు. మూడు రోజులు నా చేత్తో సూపు తాగించాను, తెలుసా?”

“తర్వాత?”

“తర్వాతేముంది, ఆటే వదిలేసి వెళ్ళిపోయాడు. అయినా నన్ను మర్చిపోయాడా? ఏటా మదర్స్ డేకి కార్డు పంపిస్తాడు. మొన్న మార్చిలోదే, అదిగో ఫ్రిజ్ మీద. ఈ ఇల్లు ఎలాంటిదో వాణ్ణడుగు, చెబుతాడు.”

“పదకొండింటికి నేను క్లబ్బులో ఉండాలి ఆంటీ. ఇలాంటివన్నీ చూసే మిసెస్ ఒగ్డెన్ అని ఒకావిడ ఉంది. శుక్రవారం బల్ల దగ్గరున్నవాళ్ళ పేర్లు రాసిమ్మంది. పోలీసులకి ఇస్తుందట.”

“పోలీసులా! ఈ వీధిలోకి పోలీసులా! నీకేమైనా పిచ్చా? పేపర్లో వేస్తారు. క్లబ్బు ఇక పిల్లల్ని పంపదు. పద్నాలుగు మందిని పెంచాను బెన్, పద్నాలుగు మందిని! నన్ను ఇలా బజారుకి ఈడుస్తావా?”

“మరి నేనేం చెయ్యాలి? నా గుడ్డలు ఉతికేదీ, నాకింత పెట్టేదీ ఈ ఇల్లే. ఎవరి పక్కన కూర్చుని తింటున్నానో తెలియకపోతే ముద్ద ఎలా దిగుతుంది? రెండు రోజులుగా గదికి లోపల గడియ పెట్టుకుంటున్నాను. ఈ ఇంట్లో! నాకు భయంగా ఉంది ఆంటీ.”

“అయ్యో, అలా అనకు. ఇలా రా. నా దగ్గరికి రా.”

“వద్దు. అక్కడే ఉండండి. మీకు ఎవరి మీదైనా అనుమానం ఉందా?”

“నన్నడిగితే ఏం చెప్పను... మీ అంకుల్ నోరు అంత మంచిది కాదులే. టీవీ ముందు కూర్చుంటే ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. ఆయన పెరిగిన రోజులు అలాంటివి.”

“అంకుల్ రాశారంటారా?”

“నేనలా అనలేదే. నోరు మంచిది కాదన్నాను.”

“ఆయన స్టేడియంలో కాపలా డ్యూటీలో ఉన్నారు కదా.”

“ఉంటే? ఫోను జేబులోనే ఉంటుందిగా. అడిగావు కాబట్టి చెబుతున్నాను, అంతే.”

“పోనీ క్రెయిగ్? పదహారేళ్ళప్పుడు పనికిరావని పంపేసింది ఇదే క్లబ్బు. వాడి చోట్లో నేను ఆడుతున్నానని కడుపుమంట ఉండొచ్చు.”

“వాడి జోలికి రాకు.”

“ఊరికే అన్నాను...”

“ఊరికే కూడా అనకు! వాడు నీ కోసం గొంతు పోయేలా అరిచి వచ్చాడు. వాడి పేరు ఆ కాగితం మీద రాశావో, చూడు మరి!”

“అంకుల్‌ని ఒక్క మాటకే పట్టించేశారు. కొడుకు పేరెత్తితే ఇంత కోపం.”

“తల్లినిరా. నీకు పిల్లలు పుట్టాక తెలుస్తుంది.”

“ఇద్దరూ కాదులెండి.”

“ఆ?”

“ఇందాక మీరు బంతి పైకి లేచిపోయిందన్నారు.”

“లేచిపోలేదా మరి?”

“లేదు. నేను ఎడమ పక్కకి కొట్టాను, గోల్‌కీపరు అటే దూకి రెండు చేతులతో పట్టుకున్నాడు. అంకుల్ సరిగ్గా ఆ గోలు వెనకే నిలబడ్డారు, నారింజ రంగు కోటుతో, ఐదడుగుల దూరంలో. క్రెయిగ్ నేనిచ్చిన టికెట్ మీద ఆ పక్క వరసలోనే ఉన్నాడు. ఇద్దరూ కళ్ళారా చూశారు. పైకి తన్నానని వాళ్ళెందుకు రాస్తారు?”

“రేడియోలో... రేడియోలో అలాగే అన్నాడే.”

“అన్నాడు. కామెంటరీ చెప్పే ఆ ముసలాయన కూర్చునే చోట ఇనప స్తంభం అడ్డం. ఆ గోలు సగమే కనిపిస్తుంది, ఊరంతటికీ తెలుసు. పైకి పోయిందన్నాడు, నాలుగు నిమిషాలయ్యాక తప్పయిందని దిద్దుకున్నాడు. మీరు వినలేదా?”

“లేదు. అప్పటికే కట్టేశాను.”

“అంకుల్ ఇంటికొచ్చి చెప్పలేదా?”

“నీ మనసు నొచ్చుకుంటుందని ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని నేనే గట్టిగా చెప్పాను. పేపరు కూడా నీ కంట పడకుండా పొయ్యిలో పడేశాను.”

“రేడియో ఎందుకు కట్టేశారు?”

“కోపమొచ్చి.”

“ఎవరి మీద?”

“టీ చల్లారిపోయింది. వేరేది పెడతాను, ఉండు.”

“ఎవరి మీద ఆంటీ?”

“ఈ పాలు కూడా విరిగినట్టున్నాయి...”

“శనివారం మూడు గంటల ఆట ఎక్కడా టీవీలో రాదు. వెళ్ళినవాళ్ళకి గోల్‌కీపరు పట్టాడని తెలుసు. ఆకాశంలోకి తన్నాడని రాసిన మనిషి ఇంట్లో కూర్చుని రేడియో వింది. రేడియో వింటూ, ఉప్పు డబ్బా సంగతి కూడా తెలిసిన మనిషి...”

“ఆపు.”

“కూర్చోండి ఆంటీ.”

“మోకాళ్ళు నొప్పి.”

“అందుకే కూర్చోమంటున్నాను.”

“...అది నీకు రాసింది కాదు నాన్నా.”

“నా ఫొటో కింద రాశారు.”

“నీకు కాదు! ఎలా చెబితే నమ్ముతావు? ఆ రేడియోవాడు ఏదో పొడుగు పేరు చెబుతాడే, ఆ పేరున్నవాడికి రాశాను. నాకు వాడెవడో తెలియదు. నువ్వు బెన్‌వి. నా బెన్ సాక్సులు మంచం కింద పడేస్తాడు, టోస్టు అంచులు వదిలేస్తాడు. నా బెన్‌ని నేనెందుకు అంటాను?”

“ఆ పొడుగు పేరు మా అమ్మ పెట్టింది. మంగళవారం పుట్టానని. వచ్చిన రోజే మీకు చెప్పాను. నోరు తిరగదు, బెన్ అంటానన్నారు.”

“ముద్దుగా పిలుచుకున్నాను. అదీ తప్పేనా?”

“నేను పుట్టింది లండన్‌లో. ఏ దేశం పొమ్మన్నారు నన్ను?”

“ఏమో, నాకేం తెలుసు! చేతికొచ్చింది రాసేశాను. ముప్పై ఏళ్ళయింది మన టీము పై డివిజన్‌లో ఆడి. మా నాన్న భుజాల మీద కూర్చుని చూసిన టీము. ఆ ఒక్క గోలు పడుంటే చాలు, పైకి వెళ్ళేవాళ్ళం. ఒళ్ళు తెలియలేదు. రాసేసి ఫోను సోఫా మీదికి విసిరికొట్టి, వచ్చి నీకిష్టమని కోడి కాల్చాను. నువ్వు ఏడుస్తూ వస్తే ఒళ్ళోకి తీసుకున్నాను. అదీ అబద్ధమేనా? చెప్పు, అది కూడా అబద్ధమేనా?”

“అదే నాకర్థం కావట్లేదు ఆంటీ. ఆ చేతులే కదా.”

“ఆ ఒగ్డెన్‌కి చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను. క్లబ్బు ఈ గది ఖాళీ చేయించేస్తే నేనేం చూసుకుని బతకను? ఇంకెప్పుడూ ఆ ఫోను ముట్టుకోను, క్రెయిగ్‌కి ఇచ్చేస్తాను. ఒక్కసారి చేసిన తప్పుకి...”

“ఒక్కసారేనా?”

“ఒక్కసారే.”

“బాగా ఆలోచించుకుని చెప్పండి.”

“ఒక్కసారే అంటున్నాను కదా! మా క్రెయిగ్ మీద ఒట్టు.”

“ఒట్లు పెట్టకండి ఆంటీ. ఆ ఖాతా మొత్తం మిసెస్ ఒగ్డెన్ నాకు చూపించింది. తెరిచి ఐదేళ్ళయింది. నేను ఈ ఊరొచ్చి ఎనిమిది నెలలు. నాకు రాసింది ఒక్కటే. అందులో మీరు అబద్ధమాడలేదు. మిగతావన్నీ పాతవి, ఒకే కుర్రాడి ఫొటోల కింద ఉన్నాయి. ఒక నెలలో పదహారు.”

“బెన్...”

“మూడు రోజులు సూపు తాగించానన్నారే, ఆ మూడు రోజుల్లోనూ ఉన్నాయి.”

“బెన్, నాన్నా...”

“స్టాంపుల కోసమని కవర్లన్నీ దాస్తారు కదా ఆంటీ. ఆ మదర్స్ డే కార్డు వచ్చిన కవరు తీసివ్వండి. దాని మీద డెస్మండ్ అడ్రసు ఉంటుంది.”